అది దొరికిన వస్తువు కాదు, ఇచ్చిన వస్తువు

జ్ఞాపకాల వస్తువులతో వీడియో ఇన్‌స్టలేషన్లు రూపొందించే కళాకారులకు, వాటికి గదులు కేటాయించే క్యూరేటర్లకు, మ్యూజియం నిర్వాహకులకు,

నమస్కారం.

మీ చీకటి గదుల్లో ఒకదానిలో మా అమ్మ కత్తెర ఉంది. కత్తెర అంటే దాని బొమ్మ. గోడ మీద మనిషి ఎత్తున వెలుగుతూ, పద్దెనిమిది నిమిషాలకు ఒకసారి వచ్చి పోతూ ఉంటుంది. అసలు కత్తెర మాత్రం ఇది రాస్తున్న బల్ల మీదే ఉంది. తీసుకెళ్లిన కత్తెర, తిరిగి వచ్చిన కత్తెర ఒకటి కావు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ప్రదర్శన నాకు నచ్చింది. కొన్ని కుటుంబాల నుంచి రోజువారీ వస్తువులు తీసుకుని, జ్ఞాపకం గురించి, అస్తిత్వం గురించి చేసిన మూడు తెరల వీడియో అది. పళ్లు ఊడిన దువ్వెన, ఒక కాడ పోయిన కళ్లజోడు, తాళాలన్నీ ఎప్పుడో పోయినా మిగిలి ఉన్న తాళంచెవుల గుత్తి, మా కత్తెర. ఒక తెర మీద ఒక చెయ్యి ఆ గుత్తిని బల్ల మీద పెడుతుంది, చప్పుడు ఉండదు. ఎంతోసేపటికి, వేరే తెర మీద ఖాళీ బల్ల కనిపిస్తున్నప్పుడు, ఆ చప్పుడు వినిపిస్తుంది. ఆ ఆలస్యంలో నేను ఉలిక్కిపడ్డాను. మనిషి వెళ్లిపోయాక ఇల్లు చేసే చప్పుళ్లు అలాగే ఉంటాయి. ఇది చేసిన కళాకారుడికి పని తెలుసు. తెలియని వాళ్ల మీద ఫిర్యాదు చేసే ఓపిక నాకు లేదు.

బయటికి వస్తూ గోడ మీద లేబుల్ చదివాను: "మూడు తెరల వీడియో, శబ్దం, దొరికిన వస్తువులు."

దొరికిన వస్తువులా? ఎక్కడ దొరికాయి? దారిలో పడి ఉన్నవి దొరుకుతాయి, ఎవరో మరిచిపోయినవి దొరుకుతాయి. ఆ కత్తెరను నేను పాత దినపత్రికలో చుట్టి, రెండు సార్లు మాట్లాడుకున్నాక, నా చేత్తో ఇచ్చాను. తీసుకునేటప్పుడు రెండు చేతులూ చాచి తీసుకున్నారు కూడా. దువ్వెన ఇచ్చినవారు, కళ్లజోడు ఇచ్చినవారు అంతకంటే తక్కువ ఆలోచించి ఇచ్చి ఉంటారని అనుకోను. ఇచ్చిన దాన్ని దొరికిందని రాస్తే, ఇచ్చిన మనిషి ఆ వాక్యంలోంచి బయటికి వెళ్లిపోతాడు. మనిషి గుర్తింపు గురించే చేసిన పనిలో ఇది చిన్న పొరపాటు అనిపించలేదు.

మీ రంగంలో "దొరికిన వస్తువు" అనే మాటకు, అంటే మామూలు వస్తువును తెచ్చి కళగా నిలబెట్టడానికి, చరిత్ర ఉందని తెలుసు. ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డ్యూషాం 1913లో ఒక స్టూలు మీద సైకిలు చక్రాన్ని నిలబెట్టాడు. 1917లో మూత్రపు తొట్టి మీద ఒక దొంగపేరు సంతకం చేసి న్యూయార్కులో ప్రదర్శనకు పంపాడు. నిర్వాహకులు దాన్ని జనం ముందు పెట్టలేదు, కళ మాత్రం అప్పటినుంచి ఆ తొట్టి చుట్టూనే తిరుగుతోంది. ఆయనకు కావలసింది ఎవరికీ చెందని వస్తువు, దుకాణంలోంచి నేరుగా వచ్చిన వస్తువు, చూసేవాడికి ఇష్టమూ అయిష్టమూ కలగని వస్తువు. (ఆయన 1914లో కొన్న సీసాలు ఆరబెట్టే ఇనప చట్రాన్ని, ఆయన ఊళ్లో లేనప్పుడు, స్టూడియో శుభ్రం చేస్తూ చెల్లెలు సుజాన్ బయట పారేసింది. దాని మీద పేరు రాయమని డ్యూషాం చెల్లెలికి ఉత్తరం రాసేసరికి అది ఇంట్లో లేదు. ఈ కథలో నా ఓటు చెల్లెలికే.) మరి మీరు తెరకెక్కిస్తున్నవి అలాంటివి కావు. ఒక మనిషి చెయ్యి ఏళ్ల తరబడి అరగదీసింది కాబట్టే మీరు వాటిని ఎంచుకున్నారు. కొత్త దువ్వెన మీకు పనికిరాదు. ఆ అరుగుదల మీద ఆధారపడి, దాన్ని అరగదీసిన చేతికి చోటు లేకుండా చేయడం న్యాయమేనా?

ఇక కత్తెర సంగతి. మా అమ్మది ఎడమచేతి వాటం. కత్తెర మాత్రం అందరిళ్లలో ఉండే మామూలు కత్తెరే. దాన్ని కుడిచేత్తో పట్టుకుంటే బొటనవేలు నెట్టడం, మిగతా వేళ్లు లాగడం కలిసి రెండు అలుగులనూ ఒకదానికొకటి ఒరుసుకునేలా చేస్తాయి, గుడ్డ తెగుతుంది. ఎడమచేత్తో పట్టుకుంటే అదే బలం అలుగులను విడదీస్తుంది, గుడ్డ తెగకుండా మధ్యలో మడతపడుతుంది. పైగా పై అలుగు అడ్డం వచ్చి, కత్తిరించవలసిన గీత కనిపించదు. అందుకని అమ్మ బొటనవేలిని సహజంగా వెళ్లే వైపు కాకుండా ఎదురు వైపుకు నొక్కి పట్టి కత్తిరించేది. తల కొంచెం పక్కకు వాల్చి, గీతను అలుగు పక్కనుంచి చూసేది. రోజంతా అలా చేస్తే బొటనవేలి మొదట్లో తోలు లేస్తుంది. దానికి ఆమె కనిపెట్టిన మందు, పిడిలో బొటనవేలు దూర్చే కంత చుట్టూ గట్టిగా చుట్టిన గుడ్డ పీలిక. ఒక వైపు మాత్రమే, ఒక చోట మాత్రమే మందంగా, చెమటకు నల్లబడి ఉండేది. ఆ పీలిక చూస్తే చాలు, పట్టుకున్న చెయ్యి ఏదో, అది ఎటు నొక్కేదో తెలిసిపోతుంది. మా అమ్మ గురించి ఏ గుర్తింపు పత్రంలోనూ ఎడమచేతి వాటం అని లేదు. ఆ పీలికలో ఉంది.

ప్రదర్శన ముగిసిన ఊళ్లోంచి కత్తెర తిరిగి వచ్చింది. మెత్తటి కాగితంలో, ఇంత చక్కగా చుట్టవచ్చని నాకు తెలియదు. విప్పాను. తుప్పు లేదు. అలుగులు తళతళలాడుతున్నాయి. పీలిక లేదు.

అడిగితే మర్యాదగానే జవాబిచ్చారు. చిత్రీకరణకు ముందు వస్తువులను శుభ్రం చేశారట. గుడ్డ బాగా మురికిపట్టి ఉందట, లోహం మీద కాంతి సరిగా పడటం లేదట. మురికిపట్టి ఉందన్నది నిజమే. ఆ మురికి పట్టించడానికి ఆవిడకు ముప్ఫై ఏళ్లు పట్టింది.

వీడియోలో ఒక దృశ్యంలో, తళతళలాడే ఆ కత్తెరతో ఒక చెయ్యి తెల్లటి గుడ్డను చాలా నెమ్మదిగా కత్తిరిస్తుంది. కుడిచెయ్యి. గుడ్డ ఎంత సాఫీగా తెగుతుందో! ఆ కత్తెర మా ఇంట్లో ఉన్నంతకాలం అంత సాఫీగా ఎప్పుడూ తెగలేదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. వస్తువు ఇచ్చినప్పుడు ఒక కాగితం నింపమన్నారు. "విలువ" అన్న గడిలో ఏమి రాయాలో తోచక "ఏమీ లేదు" అని రాశాను. నవ్వుకుంటూ రాశాను కూడా. ఆ గడికి ఎంత బలముందో తర్వాత తెలిసింది. ఒక మ్యూజియం నుంచి మరో మ్యూజియానికి చిన్న బొమ్మ అరువుగా వెళ్లినా, పెట్టె తెరిచిన రోజే దాని స్థితి నివేదిక రాస్తారు. ఎక్కడ గీత పడింది, ఎక్కడ రంగు లేచింది, ఫొటోలతో సహా. తిరిగి పంపేటప్పుడు మళ్లీ చూసి సరిపోల్చుకుంటారు. విలువ లేదని యజమానే రాసిచ్చిన వస్తువుకు ఆ నివేదిక ఎవరు రాస్తారు? అది కళాఖండం కాదు, చిత్రీకరణ సామగ్రి. కుర్చీలు, దీపాలు, తాళ్ల జాబితాలో పడుతుంది. కాబట్టి ఆ కాగితం మార్చండి. విలువ గడి పక్కన ఇంకొక గడి ఉండాలి: "దీని మీద ఏది ముట్టుకోకూడదు?" నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే, ఒక్క మాటలో జవాబు రాసేదాన్ని.

అడగడం మీకు చేతకాదని అనలేను. అడగడంలో మీ రంగాన్ని మించినది లేదు. న్యూయార్కులోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం 1999 ప్రాంతంలో వీడియో కళ, కంప్యూటర్ కళ ఎలా బతుకుతాయని బెంగపడి, కళాకారుల కోసం పెద్ద ప్రశ్నావళే తయారుచేసింది. ఈ పరికరం చెడిపోతే అలాంటిదే వెతికి దాచి ఉంచాలా? కొత్త పరికరంలోకి మార్చవచ్చా? పాతదానిలా నటించే కొత్తది పెట్టవచ్చా? లేక మొత్తం పనినే మళ్లీ కొత్తగా చేయవచ్చా? వీడియో కళకు ఆద్యుల్లో ఒకడైన నామ్ జూన్ పైక్ వాడిన గాజు గొట్టాల టీవీలను ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు. అలాంటి పాత టీవీల కోసం మ్యూజియంలు గోదాములు గాలిస్తాయి. తెర అంచు వంపు పోతే పని అర్థమే మారిపోతుందని వాదించుకుంటాయి. ఆ వాదన నాకు అర్థమవుతుంది, గౌరవం కూడా ఉంది. పెట్టె వంపు గురించి అంత పట్టింపు ఉన్నచోట, ఆ పెట్టెలో కనిపించే వస్తువు గురించి, దాన్ని ఇచ్చిన మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడమే అర్థం కావడం లేదు. మా ప్రదర్శన పుస్తకంలో ప్రొజెక్టర్ తయారీ పేరు, మోడల్ సంఖ్య ఉన్నాయి. కత్తెర గురించి "వివిధ వస్తువులు" అని ఉంది.

ఇలాగే జరగాలని ఏమీ లేదు. బేరూత్‌లో పుట్టిన కళాకారిణి మోనా హటూమ్ 1988లో చేసిన పదిహేను నిమిషాల వీడియో ఉంది. స్నానాల గదిలో ఉన్న తల్లి ఫొటోల మీద, ఆ తల్లి బేరూత్ నుంచి రాసిన అరబిక్ ఉత్తరాల అక్షరాలు తెరలాగా పరుచుకుని ఉంటాయి. కూతురి గొంతు వాటిని ఇంగ్లిషులో చదువుతుంది. ఆ ఫొటోలు తీయడం తండ్రికి నచ్చలేదన్న సంగతి కూడా ఆ ఉత్తరాల్లోనే ఉంది, వీడియోలోనే వినిపిస్తుంది. అంటే తల్లి ఇచ్చిన అనుమతి, దానికి ఇంట్లో చెల్లించిన మూల్యం, రెండూ పనిలో భాగమయ్యాయి. అవి ఏ బీరువాలోనో దాగిన సంతకపు కాగితాలు కాలేదు. నేను చూసిన వాటిలో ఇంత నిజాయితీ అరుదు.

చైనా కళాకారుడు సాంగ్ డాంగ్ 2005లో బీజింగులో చేసిన ఇన్‌స్టలేషన్‌లో వీడియో ప్రధానం కాదు, అయినా చెప్పక తప్పదు. కరువు రోజుల నుంచి ఏదీ పారేయని అలవాటుతో, భర్త పోయాక ఇంకా గట్టిగా, ఆయన తల్లి దాచుకున్న పదివేలకు పైగా వస్తువులు: ఖాళీ టూత్‌పేస్టు గొట్టాలు, సీసా మూతలు, బూట్లు, సబ్బులు, గుడ్డ ముక్కలు. వాటిని వరుసలు వరుసలుగా సర్దినది కొడుకు ఒక్కడే కాదు, ఆ తల్లి ఝావో షియాంగ్‌యువాన్ కూడా. దేని పక్కన ఏది ఉండాలో ఆవిడకు తెలుసు. ఆవిడ పేరు ప్రపంచానికి తెలుసు. 2009లో అది న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియానికి వెళ్లినప్పుడు కూడా "దొరికిన వస్తువులు" అనే మాటతో ఆవిడను ఎవరూ తుడిచేయలేకపోయారు.

పేరు రాయాలని పట్టుబట్టడం లేదు, ఇది గమనించండి. జాగ్రెబ్‌లో తెగిపోయిన బంధాల వస్తువుల కోసం 2010 నుంచి ఒక మ్యూజియం ఉంది. అక్కడ వస్తువులు ఇచ్చినవారి పేర్లు ఉండవు. కానీ ప్రతి వస్తువు పక్కన, అది ఇచ్చిన మనిషి స్వయంగా రాసిన మాటలు ఉంటాయి. కొన్ని ఒక వాక్యమే. బ్రిటిష్ కళాకారుడు మైకేల్ లాండీ 2001లో లండన్‌లో తన సొంత వస్తువులు మొత్తం 7,227 జనం ముందు పిండి చేయించినప్పుడు కూడా, ముందుగా ప్రతిదాన్నీ జాబితాలో రాశాడు. నాశనం చేయబోయే సాక్సుకు దక్కిన ఆ మర్యాద, భద్రపరుస్తామని తీసుకెళ్లిన కత్తెరకు దక్కలేదు.

మీవైపు నుంచి వచ్చే అభ్యంతరాల్లో ఒకటి నన్ను నిజంగానే ఆపింది. వస్తువు ఎవరిదో చెప్పేస్తే, చూసేవాళ్లు తమ సొంత తల్లిని అందులో చూసుకోలేరని అంటారు. ఆ గదిలో నా పక్కన నిలబడిన ఒకావిడ దువ్వెన కనిపించినప్పుడు కళ్లు తుడుచుకుంది. ఆ దువ్వెన ఫలానావారిదని ముందే చదివి ఉంటే బహుశా తుడుచుకునేది కాదు. నిజమే. అమెరికన్ కళాకారిణి మార్తా రాస్లర్ 1975లో చేసిన ఆరు నిమిషాల వీడియోలో ఒక స్త్రీ వంటింటి పనిముట్లను అక్షరక్రమంలో ఒక్కొక్కటిగా చూపిస్తుంది. చూపిస్తున్న కొద్దీ ఆ చేతుల్లో కోపం పెరుగుతుంది. ఆ గరిటె ఎవరిదని అడిగితే మతి లేదంటారు. అది ఎవరిదీ కాకపోవడంలోనే, ప్రతి వంటింటిదీ కావడంలోనే దాని పదును ఉంది. అలాంటి పనికి నా డిమాండ్ వర్తించదు. దానికి కావలసిన గరిటెను దుకాణంలో కొనుక్కోవచ్చు. మీరు మాత్రం కొనుక్కోలేదు, మా ఇళ్లకు వచ్చారు.

అందుకే గోడ మీద కథ రాయమని అడగను. బయటికి వెళ్లే దారిలో, చూడటం అయిపోయాక చదువుకునేలా ఒక కాగితం ఉంచండి. అక్కరలేనివాళ్లు తీసుకోరు. లేబుల్‌లో "దొరికిన" అన్నచోట "కుటుంబాలు ఇచ్చిన" అని మార్చడానికి కాగితం కూడా అక్కరలేదు.

జ్ఞాపకాలను నమ్మలేమని కూడా ఒకరు అన్నారు. వస్తువులు ఇచ్చినవాళ్లు చెప్పేవి సగం కల్పనలేనట. దానికి నాకు కోపం రాలేదు, ఎందుకంటే అది నిజం. మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు: మనుషులకు తెలియని ఒక కథ చెప్పి, కొంతకాలం తర్వాత మళ్లీ చెప్పమంటే, వింతగా ఉన్న భాగాలను వదిలేసి, తమకు తెలిసిన లోకానికి సరిపోయేలా మార్చి చెబుతారు. ప్రతిసారీ ఇంకొంచెం మారుస్తారు. మీ వీడియో ప్రతి పద్దెనిమిది నిమిషాలకూ అచ్చం అలాగే తిరిగి వస్తుంది, మా బుర్రలో అమ్మ అలా రాదు. మా ఇంట్లోనే రుజువు ఉంది. ఆ పీలిక తన చిన్నప్పటి గౌనులోంచి చింపిందని, గోధుమరంగుదని అక్క అంటుంది. దిండు గలీబులోంచి చింపిందని, నీలంరంగుదని నాకు బాగా గుర్తు. మేమిద్దరం దీని గురించి పోట్లాడుకున్నాం. పీలిక ఉండి ఉంటే ఒక మడత విప్పి లోపలి రంగు చూసేవాళ్లం.

ఇక్కడే నాకూ మీకూ మధ్య ఉన్న లెక్క చిక్కుపడుతుంది. శుభ్రం చేయకముందు, వస్తువులు వచ్చిన రోజున తీసినట్టున్న ఒక దృశ్యం వీడియోలో ఉంది. పదకొండో నిమిషంలో, తెల్లటి గుడ్డ మీద కత్తెర, పీలికతో సహా. పీలిక కొస కొంచెం ఊడి, గాలికి ఒకసారి కదులుతుంది. నాలుగు సెకన్లు. లోకంలో ఆ పీలిక ఇప్పుడు ఉన్నది అక్కడ ఒక్కచోటే. దాన్ని పోగొట్టింది మీరే, మిగిల్చిందీ మీరే. ఆ నాలుగు సెకన్ల కోసం మూడుసార్లు ఆ గదికి వెళ్లాను. కూర్చోవడానికి బల్ల లేదు కాబట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాను. చూసేవాళ్లు పద్దెనిమిది నిమిషాలు నిలబడగలరని ఏ లెక్కన అనుకున్నారో కూడా ఒకసారి ఆలోచించండి.

చిక్కు ఏమిటంటే, వీడియో మొత్తం నలుపు తెలుపు. గోధుమరంగు, నీలం రెండూ అందులో ఒకే బూడిదరంగు.

ఇప్పటి కెమెరాలు చాలావరకు రంగుల్లోనే తీస్తాయని, నలుపు తెలుపు చేయడం తర్వాత ఎడిటింగ్ బల్ల దగ్గర జరిగే పని అని కనుక్కున్నాను. మ్యూజియాలు భద్రపరిచేది ముగించిన వీడియోను, దాని మూలప్రతిని. కెమెరాలోంచి వచ్చిన ముడి ఫుటేజీ ఎక్కువగా కళాకారుడి దగ్గరే, ఏదో హార్డ్ డిస్కులో ఉండిపోతుంది. కొత్త ప్రాజెక్టుకు చోటు చాలనప్పుడు అది చెరిగిపోవచ్చు. చెరపకండి. మీ కళాఖండాన్ని మార్చమని కాదు, అది మీదే. ఎవరి వస్తువు వాళ్లకు తిరిగి ఇచ్చేటప్పుడు, దాన్ని తీసిన ముడి ఫుటేజీ ప్రతి కూడా జతచేయడం ఒక పద్ధతిగా పెట్టుకోండి. పెద్ద ఖర్చు కాదు. మీరు ఎంచుకోని క్షణాలు మాకు పనికొస్తాయి. వస్తువును పెట్టెలోంచి తీస్తున్నప్పటివి, వెలుతురు సరిచేస్తున్నప్పటివి, ఎవరో అడ్డం వచ్చినప్పటివి.

మా విషయంలో, ఆ నాలుగు సెకన్ల రంగు ఫుటేజీ ఇంకా ఉంటే పంపండి. కళాకారుడు దీన్ని చదివితే నా చిరునామా ఆయన నింపించిన కాగితంలోనే ఉంది, "ఏమీ లేదు" అన్న గడికి రెండు గడుల పైన. పీలిక నీలంరంగుదైతే అక్కకు ఫోను చేసి నేనే చెబుతాను. గోధుమరంగుదైతే మాత్రం, దయచేసి ముందు నాకు ఒక్కదానికే చెప్పండి.

ఇట్లు,
కత్తెర ఇచ్చిన మనిషి